పైసల సలహాకు దారి



కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న మన నడిగడ్డలో రైతుకు పైసలు నెలనెలా రావు. ఏడాదికొక్కసారి వస్తాయి. గట్టు, మల్దకల్, ధరూరు, అయిజ మండలాల్లో సీడ్ పత్తి వేసినవాళ్లకైతే ఆ ఒక్కసారి ఎప్పుడొస్తుందో కూడా ముందు తెలియదు. వానాకాలంలో విత్తనం పెట్టింది మొదలు ఇంటిల్లిపాదీ చేన్లోనే. పొద్దుమీకి ఆడ మొక్కల మొగ్గలు గిల్లాలి, మర్నాడు పొద్దున్నే మగ పూల పుప్పొడి ఒక్కో పువ్వుకు చేత్తో అద్దాలి. దీన్నే మనవాళ్లు క్రాసింగ్ అంటారు. వారాల తరబడి ఒక్కరోజు తప్పకుండా చేయాల్సిన పని, కూలీలు లేకపోతే జరగని పని. ఆ కూలీ డబ్బు, మందుల డబ్బు, ఇంటి ఖర్చు అన్నీ ఆర్గనైజర్ దగ్గర్నుంచే వస్తాయి. కంపెనీకీ రైతుకూ నడుమ ఉండేవాడు ఆర్గనైజర్. మూలవిత్తనం ఇచ్చేది ఆయన, లాగోడికి అప్పు ఇచ్చేది ఆయన, పండిన విత్తనం తీసుకొని కంపెనీకి పంపేది ఆయన, చివరికి లెక్క చూసేదీ ఆయనే.

ఆ లెక్క చూసే రోజును కొంచెం దగ్గరగా చూద్దాం. కంపెనీ విత్తనాన్ని పరీక్షకు పెడుతుంది. జీవోటీ అంటారు. అది తేలేసరికి నెలలు గడుస్తాయి. ఫెయిల్ అయిందంటే ఆ రైతు కష్టం మట్టిపాలే. పాస్ అయితే ఆర్గనైజర్ పుస్తకం తెరుస్తాడు. అసలు ఇంత, నూటికి రెండు రూపాయల చొప్పున మిత్తి ఇంత, మందుల బాకీ ఇంత, పోగా నీకు ఇంత అని చెబుతాడు. ఆ మిగిలినదాంట్లోనే బిడ్డ పెండ్లి, కొడుకు చదువు, బోరు, ముసలితనం అన్నీ ఉంటాయి. ఈ రోజు నేను మాట్లాడేది ఆ మిగిలిన పైసల గురించి. వాటిని ఏం చేయాలో ఎవరిని అడగాలి? ఆ అడగాల్సిన మనిషిని వెతికి పట్టుకునే దారి ఇప్పుడెట్లా ఉంది, ఎట్లా ఉండాలి?

రైతు చేతిలో రెండు లక్షలు ఉన్నాయని ఊర్లో తెలిస్తే చాలు, సలహా చెప్పేవాళ్లకు కొదువ ఉండదు. బీమా ఏజెంటు పాలసీ కట్టమంటాడు. చిట్టీల ఆయన చీటి ఎత్తమంటాడు. ప్లాట్ల ఆయన రాయచూరు రోడ్డు మీదనో కర్నూలు రోడ్డు మీదనో గజాల లెక్క చెబుతాడు. ఫోన్లో ఎవరో తెలియనివాడు ఒక గ్రూపులో చేర్చి, షేర్లలో రోజుకింత లాభమని బొమ్మలు పంపుతాడు. వీళ్లలో కొందరు నిజాయితీగలవాళ్లే, ఆ మాట ముందే చెప్పాలి. చాలామంది మన బంధువులు, మన ఊరి పిల్లలు. అయినా వాళ్లు చెప్పే ప్రతి సలహా వెనుక వాళ్లకు వచ్చే ఒక కమీషన్ ఉంటుంది. ఆ కమీషన్ ఏ సరుకు మీద వస్తుందో ఆ సరుకునే వాళ్లు మంచిదంటారు. అది మనిషి స్వభావం, వాళ్లను తిట్టి లాభం లేదు.

అందుకే ఒక ప్రశ్న అడుగుతాను. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి అంటే లక్షకు ఏడాదికి 24 వేలు. చేతికొచ్చిన రెండు లక్షల్లో ముందు లక్ష పెట్టి ఇంకెక్కడైనా అదే మిత్తికి తెచ్చిన అప్పు తీర్చేయ్, ఆ తర్వాతే మిగతా ముచ్చట అని రైతుకు చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ పాలసీ, ఏ ఫండ్, ఏ ప్లాటు ఏడాదికి నూటికి 24 రూపాయలు ఖాయంగా మిగల్చదు. అప్పు తీర్చడం మిగులుస్తుంది. బ్యాంకులో పంట రుణమైతే మూడు లక్షల దాకా ఏడు శాతం, గడువులోగా కడితే నాలుగు శాతమే పడుతుంది. అంటే గట్టు రైతుకు దొరకాల్సిన మొట్టమొదటి సలహా, అన్నిటికంటే విలువైన సలహా, అప్పు మార్చుకో, అప్పు తీర్చుకో అన్నదే. ఆ సలహాకు మాత్రం ఎవరూ కమీషన్ ఇవ్వరు. కాబట్టే దాన్ని మోసుకొని మన గడప దాకా వచ్చేవాడు లేడు.

మరి కమీషన్ లేకుండా సలహా చెప్పేవాళ్లు దేశంలో లేరా అంటే ఉన్నారు. షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2013లో పెట్టుబడి సలహాదారుల నిబంధనలు తెచ్చింది. ఆ నిబంధనల కింద నమోదైన సలహాదారు తన ఫీజు మన దగ్గరే తీసుకుంటాడు. ఒక కుటుంబానికి ఫీజు తీసుకొని సలహా చెబితే, అదే కుటుంబానికి సరుకు అమ్మి కమీషన్ తీసుకోకూడదని 2020లో గట్టిగా గిరి గీశారు. ఫీజుకూ హద్దు ఉంది. ఒకేసారి ఇంత అని మాట్లాడుకుంటే కుటుంబానికి ఏడాదికి లక్షా 51 వేలు దాటకూడదు. నగదు తీసుకోకూడదు. ఇంత లాభం ఖాయమని మాట ఇవ్వకూడదు. పరీక్ష పాస్ కావాలి. ఆయన రిజిస్ట్రేషన్ నెంబరు ఐ, ఎన్, ఏ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలతో మొదలవుతుంది. షేర్ల మీద పరిశోధన నివేదికలు ఇచ్చేవాళ్లది వేరే నమోదు, వాళ్ల నెంబరు ఐ, ఎన్, హెచ్‌తో మొదలవుతుంది.

కానీ ఇంత పెద్ద దేశంలో ఇట్లా నమోదైన సలహాదారులు సుమారు వెయ్యి మంది. వాళ్లలోనూ ఎక్కువమంది ఉండేది మహానగరాల్లోనే. పక్కన పెట్టి చూడండి, ఒక్క ఎల్‌ఐసీకే ఏజెంట్లు 14 లక్షల వరకు ఉన్నారు. మ్యూచువల్ ఫండ్లు అమ్మే డిస్ట్రిబ్యూటర్లు లక్షకు పైనే. మనకు తారసపడేది ఎవరో ఈ అంకెలే చెబుతున్నాయి. తారసపడని ఆ వెయ్యి మందిని వెతుక్కోవాలంటే ఆన్‌లైన్ తప్ప వేరే దారి లేదు.

ఆ ఆన్‌లైన్ దారి ఇప్పుడెట్లా ఉందో చూద్దాం. సెబీ వెబ్‌సైట్‌లో నమోదైనవాళ్ల జాబితా ఉంది. తెరిస్తే ఒక్కో సలహాదారుకు ఒక్కో పెట్టె కనిపిస్తుంది. పేరు, రిజిస్ట్రేషన్ నెంబరు, ఈ-మెయిల్, ఫోను, చిరునామా, ఎవరిని సంప్రదించాలి, ఉత్తరాలు ఎక్కడికి రాయాలి, నమోదు ఎప్పటిదాకా చెల్లుతుంది అన్న వివరాలు. కొందరికి ఫ్యాక్స్ నెంబరు కూడా. అంతే. ఆయన తెలుగు మాట్లాడతాడా? రైతుల లెక్కలు ఎప్పుడైనా చూశాడా? గంటకు ఇంత అని తీసుకుంటాడా, ఏడాదికి తీసుకుంటాడా? రెండు లక్షలున్నవాణ్ణి దగ్గరికి రానిస్తాడా, కోట్లున్నవాళ్లకే చెబుతాడా? ఒక్కదానికీ అక్కడ జవాబు లేదు. పేరో నెంబరో ముందే తెలిసినవాడికి ఆ జాబితా బాగా పనికొస్తుంది. ఫలానా ఆయనకు నమోదు నిజంగా ఉందా అని తేల్చుకోవచ్చు. ఎవరి పేరూ తెలియనివాడికి మాత్రం అది గోడే.

ఇది ఒక్క తలుపు. మ్యూచువల్ ఫండ్ల డిస్ట్రిబ్యూటర్లను వెతకాలంటే ఫండ్ కంపెనీల సంఘం ఆంఫీ వాళ్ల తలుపు వేరే ఉంది. అక్కడ పిన్‌కోడ్ కొట్టి దగ్గర్లో ఎవరున్నారో చూడొచ్చు. ఈ విషయంలో సెబీ జాబితా కంటే అది మెరుగు. బీమా ఏజెంటు అసలువాడా కాదా అని చూడాలంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర ఏజెంటును గుర్తించే పోర్టల్ మరొకటి ఉంది. డిపాజిట్లు వసూలు చేసే కంపెనీకి అనుమతి ఉందో లేదో చూడాలంటే రిజర్వ్ బ్యాంకు 2016లో పెట్టిన సచేత్ ఇంకొకటి. చిట్‌ఫండ్లయితే రిజిస్ట్రేషన్ శాఖ కింద. నాలుగైదు తలుపులు, ఒక్కో తలుపుకు ఒక్కో తాళం. తన చేతిలో ఉన్న రంగు కాగితం పాలసీనా, డిపాజిట్టా, ఫండా అన్నదే రైతుకు తెలియదు. అట్లాంటప్పుడు ఏ తలుపు తట్టాలో ఎట్లా తెలుస్తుంది? అది తెలిసినవాడైతే ఆయనకు సలహాదారుతో పనేముంది?

ఈ గందరగోళానికి మన తెలుగువాళ్లు ఎంత మూల్యం కట్టారో గుర్తు చేసుకుందాం. అగ్రిగోల్డ్ పేరు వినని ఊరు లేదు. 32 లక్షల ఖాతాల్లో 6,380 కోట్ల రూపాయలు చిక్కుకుపోయాయి. ప్లాట్లకు అడ్వాన్సులని రాసుకున్నారు. జనం మాత్రం బ్యాంకులో వేసినట్టే నెలనెలా వేశారు. తెచ్చి కట్టించుకున్నవాళ్లు ఎవరో దూరపువాళ్లు కారు, పక్కింటి ఏజెంట్లే. అట్లా జనం దగ్గర డబ్బు పోగు చేయడానికి సెబీ అనుమతి కావాలన్న సంగతి ఆ ఏజెంట్లలో ఎంతమందికి తెలుసు? కట్టినవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఈ కంపెనీకి ఈ పని చేయడానికి అనుమతి లేదు అన్న ఒక్క వాక్యం, తెలుగులో, ఎవరైనా అడిగిన వెంటనే దొరికి ఉంటే కొన్ని లక్షల కుటుంబాలైనా ఆగి ఉండేవి. నేను ఆ మాట గట్టిగా నమ్ముతాను.

కాబట్టి ఈ వెతుకులాట సాధనాన్ని మొదటి నుంచి మళ్లీ కట్టాలి. రంగులు మార్చి, అక్షరాలు పెద్దవి చేస్తే సరిపోదు. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తోచింది చెబుతాను.

మన రైతు కంప్యూటర్‌లో వెతకలేడన్న మాట నేను ఒప్పుకోను. 2020లో భూముల పోర్టల్ ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. వాటి మీద ఎన్ని ఫిర్యాదులున్నా, తన భూమి చూసుకోవడం మాత్రం ఊరూరా నేర్చుకున్నారు. జిల్లా, మండలం, ఊరు, సర్వే నెంబరు. నాలుగు మెట్లు, నాలుగూ రైతుకు పుట్టినప్పట్నుంచి తెలిసినవే. తనకు తెలిసినదాంట్లోంచి అడుగు వేస్తూ తెలియనిదాని దగ్గరికి పోతాడు. సలహాదారును వెతికే సాధనం కూడా అట్లాగే మొదలు కావాలి. మొదటి మెట్టు మీ జిల్లా, మండలం. రెండో మెట్టు మీ అవసరం ఏమిటి. అక్కడ ఇంగ్లిషు పథకాల పేర్లు ఉండకూడదు. అప్పు భారమైంది, పంట డబ్బు వచ్చింది ఎక్కడ పెట్టాలి, బిడ్డ చదువుకు కూడబెట్టాలి, ఇంటి పెద్ద పోతే ఇంటికి ఆసరా కావాలి, ఒకాయన ఈ స్కీము చెప్పాడు ఇది అసలుదేనా అనే ఐదారు వాక్యాలు చాలు. వాటిలోంచి ఒకటి తాకితే, ఏ తలుపు తట్టాలో ఆ సాధనమే చూసుకోవాలి. సెబీ, ఆంఫీ, ఐఆర్‌డీఏఐ, రిజర్వ్ బ్యాంకు అన్న తేడా వాళ్ల కార్యాలయాల తేడా. దాన్ని రైతు నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

పేరుతో వెతికే చోట కూడా మన సంగతి వేరు. శ్రీనివాసులు అన్న ఒక్క పేరును ఇంగ్లిషులో నాలుగైదు తీర్లు రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట ఒక్క అక్షరమే. అచ్చం అట్లాగే కొడితేనే దొరుకుతుందంటే మన ప్రాంతంలో సగం పేర్లు దొరకవు. తెలుగులో కొట్టినా, నోటితో చెప్పినా, దగ్గరి పేర్లన్నీ ముందుకు రావాలి. ఈనాటి సాంకేతికతకు ఇది పెద్ద పనేమీ కాదు. మన భాషల కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషిణి ఉన్నదే ఇట్లాంటి పనులకు.

ఇక ఒక సలహాదారు పేరు వచ్చిన తర్వాత తెర మీద ఏం కనిపించాలి? నన్నడిగితే అన్నిటికంటే పైన, పేరు పక్కనే, ఒక్క వరుస ఉండాలి: ఈయనకు డబ్బు ఎవరిస్తారు? మీరే ఇస్తారా, కంపెనీ ఇస్తుందా? మిగతా వివరాలన్నీ దాని తర్వాతే. 2013 జనవరి నుంచి ప్రతి మ్యూచువల్ ఫండ్ పథకానికి డైరెక్ట్, రెగ్యులర్ అని రెండు రకాలున్నాయి. రెగ్యులర్‌లో డిస్ట్రిబ్యూటరు కమీషన్ మన పెట్టుబడిలోంచే కొంచెం కొంచెంగా పోతుంటుంది. మనం వేరే చెక్కు రాయం కాబట్టి ఆయన సలహా ఉచితమనుకుంటాం. ఉచితం కాదు. కమీషన్ తీసుకోవడం తప్పు కాదు, చట్టం ఒప్పుకున్నదే. ఊర్లో ఉండి, ఫారం నింపి, ఆపదకు పరుగెత్తుకొచ్చే ఏజెంటు తన కష్టానికి నాలుగు పైసలు తీసుకోవాల్సిందే. ఆ సంగతి మనకు తెలిసి ఉండాలన్నదే నా పట్టుదల.

రెండో వరుస, ఈయనకు దేనికి అనుమతి ఉంది, దేనికి లేదు. ఇది చిన్న విషయమని అనుకోవద్దు. బ్రిటన్‌లో లండన్ క్యాపిటల్ అండ్ ఫైనాన్స్ అని ఒక కంపెనీ ఉండేది. అక్కడి నియంత్రణ సంస్థ జాబితాలో దాని పేరుంది. పేరుంది కదా అని సుమారు 11,600 మంది దాని బాండ్లు కొన్నారు. ఆ బాండ్లు అమ్మే పని మాత్రం నియంత్రణ పరిధిలో లేదు. అనుమతి ఒకదానికి, అమ్మింది మరొకటి. 2019 జనవరిలో కంపెనీ కుప్పకూలింది. 23 కోట్ల 70 లక్షల పౌండ్లు చిక్కుకున్నాయి. ఆ తర్వాత 2020 జూలైలో ఆ దేశపు నియంత్రణ సంస్థ తన జాబితాను సామాన్యుడికి అర్థమయ్యే మాటలతో కొత్తగా కట్టింది. జాబితాలో పేరుంటే చాలదు, ఆ పేరు ఏ పనికి ఉందో తెలియాలన్న సంగతి చదువుకున్న దేశంలో కూడా అంత ఖర్చు పెట్టాకే తేలింది. ఆ ఖర్చు మన నడిగడ్డ పెట్టుకోలేదు.

మూడో వరుస, ఈయన మీద పాత ఫిర్యాదులు, శిక్షలు. అమెరికాలో బ్రోకర్‌చెక్ అని ఒక ఉచిత సాధనం ఉంది. బ్రోకరు పేరు కొడితే ఇంతకు ముందు ఎక్కడెక్కడ పనిచేశాడు, ఖాతాదారులతో ఏమైనా గొడవలున్నాయా, జరిమానా పడిందా అన్నీ ఒకేచోట వస్తాయి. ఆస్ట్రేలియాలో 2015 నుంచి సలహాదారుల రిజిస్టరు ఉంది. ఎవరి లైసెన్సు కింద పనిచేస్తున్నాడో, చదువేమిటో అందులో చూడొచ్చు. మన దగ్గర సెబీ ఇచ్చిన ఉత్తర్వులు దాచిపెట్టలేదు, వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. కాకపోతే అవి ఒక అరలో, నమోదు జాబితా ఇంకో అరలో. రెండింటినీ ఒక పేరు కింద కలిపి చూపిస్తే చాలు.

ఇంకొక మాట. ఈ సాధనంలో చుక్కల మార్కులు వద్దు. హోటల్‌కు ఇచ్చినట్టు సలహాదారుకు ఐదు చుక్కలు ఇవ్వడం వల్ల, ఎక్కువమంది చేత రాయించుకోగలిగినవాడే పైకొస్తాడు. డబ్బు కట్టినవాడి పేరు ముందు చూపించే పద్ధతి అసలే వద్దు. ప్రైవేటు వెబ్‌సైట్లలో ఇవి రెండూ ఉంటాయి. అందుకే ఈ పని ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండాలంటాను.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన సంగతి. గట్టు అని కొట్టిన రైతుకు ఆ సాధనం ఏం చూపిస్తుంది? బహుశా ఎవ్వరినీ చూపించదు. ఫలితాలు సున్నా అని ఒక తెల్లని తెర వస్తుంది. ఆ తెర చూసి రైతు ఫోన్ జేబులో పెట్టుకొని, మళ్లీ ఆర్గనైజర్ దగ్గరికే పోతాడు. కాబట్టి ఆ ఖాళీ తెరను ఎట్లా రాయాలన్నదే ఈ మొత్తం పనిలో ముఖ్యమైన భాగమని నా అభిప్రాయం. మీ మండలంలో నమోదైన సలహాదారు లేరు అని నిజం చెప్పాలి. చెప్పి ఊరుకోకూడదు. తెలుగులో ఫోన్ మీద మాట్లాడేవాళ్లు ఫలానా, ఒక్కసారి సలహాకు వీళ్ల ఫీజు ఇంత అని చూపించాలి. ఆ కిందనే ఒక్క పైసా తీసుకోకుండా చెప్పేవాళ్లను చూపించాలి. ప్రతి జిల్లాలో లీడ్ బ్యాంకు మేనేజరు ఉంటారు, బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలుంటాయి. అప్పుల మీద సలహా చెప్పే కేంద్రాలు పెట్టాలని రిజర్వ్ బ్యాంకు 2009లోనే నమూనా పథకం తయారు చేసింది. 2017 నుంచి మండలాల స్థాయిలో స్వచ్ఛంద సంస్థలతో కలిసి ఇంకొక తీరు కేంద్రాలు మొదలయ్యాయి. ఇవి కాగితం మీద ఉన్నాయి, చాలాచోట్ల నేల మీద కూడా ఉన్నాయి. వాటి చిరునామా, ఫోను, పనిచేసే వేళలు మన వెతుకులాటలో కనపడవు, అదీ లోటు. అప్పు భారమైంది అన్న వాక్యాన్ని తాకిన రైతుకు మొదట రావాల్సింది ఈ చిరునామాలే.

తెర అంటున్నాను గానీ, తెర చదవలేనివాళ్ల సంగతేమిటి? 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత మరీ తక్కువగా ఉన్న మండలాల్లో మన గట్టు ఒకటి. ఆడవాళ్లలో ఇంకా తక్కువ. పదేళ్లు దాటి ఎంతో మారింది, బడికి పోయిన పిల్లలు ఇంటింటా ఉన్నారు. కానీ పొదుపు సంఘంలో లెక్క చూసే వయసు ఆడవాళ్లు చాలామంది ఇప్పటికీ వేలిముద్ర నుంచి సంతకం దాకానే వచ్చారు. వాళ్లకు ఆన్‌లైన్ అంటే ఫోన్ చేసి మాట్లాడగలగడమే. అది కుదరని పని కాదు. కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి నడుస్తోంది. ఆకు ముడత వచ్చిందని తెలుగులో చెబితే తెలుగులో మందు చెబుతున్నారు. మామూలు ఫోన్‌తో డబ్బు పంపేందుకు 2022లో యూపీఐ 123పే వచ్చింది. తెగులుకు పనికొచ్చిన పద్ధతి, చెల్లింపుకు పనికొచ్చిన పద్ధతి సలహాకు ఎందుకు పనికిరాదు? ఒక నెంబరుకు ఫోన్ చేసి, ఒకాయన ఐఎన్ఏ నెంబరు ఇట్లా చెబుతున్నాడు, నిజమేనా అని అడిగితే నిమిషంలో జవాబు రావాలి. గ్రామ సంఘంలో లెక్కలు రాసే అమ్మాయికి, మీసేవ నడిపే అబ్బాయికి ఈ సాధనం మీద ఒక పూట శిక్షణ ఇస్తే, ఊరికి అదే పెద్ద ఆఫీసు.

దొంగలు దీన్ని కూడా వాడుకుంటారన్న భయం నాకుంది. ఇప్పటికే అసలు సలహాదారు పేరు, అసలు నెంబరు పెట్టుకొని, ఫోను, బ్యాంకు ఖాతా మాత్రం తమవి ఇచ్చే మోసాలు జరుగుతున్నాయి. జాబితాలో నెంబరు కలిసింది కదా అని మనం డబ్బు పంపేస్తాం. దీనికి సెబీ 2025 అక్టోబరు నుంచి ఒక మంచి ఏర్పాటు తెచ్చింది. నమోదైన సంస్థల యూపీఐ ఐడీలకు వ్యాలిడ్ అన్న మాట కలిసి ఉంటుంది. డబ్బు పంపే ముందు ఆ ఐడీ, ఆ బ్యాంకు ఖాతా అసలుదో కాదో చూసుకోవడానికి సెబీ చెక్ అనే సాధనం పెట్టారు. ఇది మెచ్చుకోవాల్సిన పని. కాకపోతే ఇది ఇంకొక కొత్త తలుపు కాకుండా, పేరు వెతికిన చోటే, అదే తెర మీద, డబ్బు ఈ ఖాతాకే పంపండి, వేరే ఖాతాకు పంపొద్దు అని చెప్పగలిగితే దాని ఫలితం పదింతలవుతుంది.

గట్టు రైతు ఫీజు ఇచ్చి సలహా తీసుకుంటాడా అని పట్నంలో కొందరు నవ్వుతారు. తీసుకుంటాడు. భూమి గెట్టు పంచాయితీకి వకీలుకు ఇస్తున్నాడు, బోరు పాయింటు చూసేవాడికి ఇస్తున్నాడు. తనకు పనికొచ్చే మాట అని నమ్మితే ఏడాదికొకసారి, పంట లెక్క తేలినప్పుడు, ఒక గంట సలహాకు ఫీజు ఇవ్వడానికి ఆయన వెనుకాడడు. కానీ ఏడాది పొడవునా చూసుకుంటాం, ఇన్ని వేలు కట్టు అనే పద్ధతి ఆయనకు సరిపోదు. సలహాదారులు కూడా ఈ సంగతి ఆలోచించాలి. హైదరాబాదులో, కర్నూలులో కూర్చొని ఫోన్ మీద తెలుగులో పల్లెలకు ఒక్క గంట సలహా చెప్పేవాళ్లు పదిమంది ముందుకొస్తే, వాళ్లను చూపించే సాధనానికీ అర్థం వస్తుంది.

నీతి ఆయోగ్ ఆకాంక్షిత బ్లాకుల్లో గట్టు ఉంది. వెనుకబడిన చోట ముందు మొదలుపెట్టాలన్నదే ఆ కార్యక్రమం ఉద్దేశం. సాధారణంగా ఇట్లాంటి సాధనాలు ముంబైలో తయారై, బెంగళూరులో పరీక్షకు పోయి, చివరికి మన దాకా రాకుండానే పాతబడిపోతాయి. ఈసారి తిరగేసి చేయమని సెబీని, రిజర్వ్ బ్యాంకును, రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. సీడ్ పత్తి లెక్కలు తేలే కాలంలో, గట్టు మండలంలో, పొదుపు సంఘాల ఆడవాళ్ల చేతికిచ్చి పరీక్షించండి. వాళ్లకు అర్థమైతే దేశంలో అందరికీ అర్థమవుతుంది.

అదొచ్చేదాకా మనం చేతులు ముడుచుకొని ఉండాల్సిన పని లేదు. మీ దగ్గరికి ఎవరు ఏ కాగితంతో వచ్చినా, సంతకం పెట్టే ముందు మూడు మాటలు అడగండి. నీ రిజిస్ట్రేషన్ నెంబరు ఎంత, అది దేనికి ఇచ్చారు, నీకు పైసలు ఎవరిస్తారు. సూటిగా చెప్పనివాడికి ఒక్క రూపాయి ఇవ్వకండి. అనుమానం వస్తే సెబీ ఉచిత నెంబరు 1800 22 7575కు ఫోన్ చేయండి. డబ్బు పంపిన తర్వాత మోసమని తెలిస్తే ఆలస్యం చేయకుండా, ఆ గంటలోనే 1930కి చేయండి. ఈ రెండు నెంబర్లూ ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మీ సంఘంలో పదిమందికి చెప్పండి.